రాగి నాణేల అచ్చు నిర్ధారణ

రాగి నాణేల అచ్చు నిర్ధారణ అంటే ఒక నాణెం ఏ రాజుది, ఏ టంకశాలది అన్న దగ్గర ఆగకుండా, దాన్ని కొట్టిన అచ్చుల జత ఏదో తేల్చడం. ఇది నాణేల శాస్త్రంలో ఒక భాగం. చేత్తో చెక్కిన అచ్చులు ఏ రెండూ పూర్తిగా ఒకేలా ఉండవు. అక్షరాల ఎడం, అంకెల వాలు, బొమ్మలోని గీతలు ఒక అచ్చుకూ మరో అచ్చుకూ తేడా పడతాయి. ఈ తేడాలను బట్టి నాణేలను అచ్చుభేదాలుగా విడదీస్తారు. నాణెం బాగా అరిగినప్పుడు రాత, తేదీ, బొమ్మ చాలావరకు చెరిగిపోతాయి. అప్పుడు మిగిలిన జాడల మధ్య దూరాలే ప్రధాన ఆధారం.

ఈ వ్యాసం కృష్ణా తీరంలోని బీచుపల్లి పరిసరాలలో, అంటే నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో చెలామణి అయిన రాగి నాణేల కుటుంబాలను ప్రధాన ఉదాహరణలుగా తీసుకుంటుంది. అచ్చు నిర్ధారణ ఎక్కువగా అభివృద్ధి చెందిన అమెరికా తొలి రాగి సెంట్లను పోలిక కోసం వివరిస్తుంది.

1. పదజాలం

అచ్చు: నాణెం మీది బొమ్మను, రాతను అద్దంలో కనిపించినట్టు తిరగేసి, పల్లంగా చెక్కిన గట్టి లోహపు దిమ్మె. కింది అచ్చును దిమ్మలో బిగించి, పై అచ్చు మీద సుత్తితో కొట్టడం పాత పద్ధతి.

బొమ్మ, బొరుసు: నాణెం రెండు వైపులు. పార్శీ రాత మాత్రమే ఉన్న నాణేలలో పాలకుడి పేరున్న వైపును బొమ్మగా, టంకశాల పేరున్న వైపును బొరుసుగా లెక్కిస్తారు.

బిళ్ళ: ముద్ర పడకముందు ఉన్న లోహపు ముక్క.

అచ్చుభేదం: ఒక నిర్దిష్టమైన బొమ్మ అచ్చు, ఒక నిర్దిష్టమైన బొరుసు అచ్చు కలిసిన జత. రెంటిలో ఒకటి మారినా భేదం మారినట్టే.

అచ్చు స్థితి: ఒకే అచ్చు వాడకంలో పొందే మార్పులు. కొత్తగా ఉన్నప్పుడు, పగులు పడ్డాక, అంచు విరిగాక కొట్టిన నాణేలు వేర్వేరుగా కనిపించినా అచ్చుభేదం ఒక్కటే.

అచ్చు కోణం: బొమ్మ వైపును నిటారుగా పట్టుకొని నాణేన్ని తిప్పితే, బొరుసు వైపు రాత ఎటు తిరిగి ఉందో చెప్పే కొలత. దీన్ని గడియారపు అంకెలతో సూచిస్తారు.

2. చరిత్ర

అచ్చుల వారీగా నాణేలను అమర్చే పద్ధతి 19వ శతాబ్దంలో రూపు దిద్దుకుంది. ప్రాచీన గ్రీకు నాణేలపై ఇమ్‌హూఫ్-బ్లూమర్ 1878లో వెలువరించిన అధ్యయనాన్ని ఈ విధానానికి ఆరంభంగా పేర్కొంటారు. ఒక బొమ్మ అచ్చు రెండు బొరుసు అచ్చులతో వాడుకలో ఉంటే, ఆ మూడూ ఒకే కాలానివి, ఒకే చోటివి అయ్యే అవకాశం ఎక్కువ. ఇలాంటి అచ్చుల గొలుసు తేదీ లేని నాణేలకు వరస కడుతుంది.

అమెరికాలో ఈ పని సేకరణ అభిరుచి నుంచి పుట్టింది. 1794 నాటి రాగి సెంట్ల భేదాలను ఎడ్వర్డ్ మారిస్ 1869లో పట్టికగా ప్రచురించాడు. విలియం షెల్డన్ 1949లో తొలి సెంట్లకు వరస సంఖ్యలు ఇచ్చాడు.

భారతదేశంలో అచ్చుల పోలికకు పెద్ద ఆధారం నాసిక్ దగ్గరి జోగల్‌తెంబి నిధి. 1906లో బయటపడిన ఈ నిధిలో 13,000కు పైగా వెండి నాణేలున్నాయి. అన్నీ క్షహరాత నహపానుడివే. వాటిలో 9,000కు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. పైముద్ర కింద పాత ముద్ర జాడలను విడదీసి చదవడం ఈ నిధి అధ్యయనంలో కీలకం. తెలంగాణలో గోదావరి ఒడ్డునున్న కోటిలింగాలలో దొరికిన శాతవాహన పూర్వపు, తొలి శాతవాహన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి ప్రచురించాడు. గోబద, నారన, సమగోప, చిముక వంటి పేర్లు ఆ చిన్న నాణేల మీది అరకొర అక్షరాలను ఒకదానితో ఒకటి పోల్చి చదివినవే.

మైసూరు నాణేలపై జె.ఆర్. హెండర్సన్ గ్రంథం 1921లో వచ్చింది. ఈస్టిండియా కంపెనీ నాణేలకు ఎఫ్. ప్రిడ్మోర్ 1970లలో సంఖ్యలతో కూడిన పట్టిక తయారు చేశాడు.

3. బీచుపల్లి ప్రాంతం: నాణేల కూడలి

బీచుపల్లి జోగులాంబ గద్వాల జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉంది. అవతలి ఒడ్డు వనపర్తి జిల్లా. హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బెంగళూరుకు పోయే 44వ జాతీయ రహదారి ఇక్కడే నదిని దాటుతుంది. వంతెనలు లేని కాలంలో ఈ నదిని పుట్టిలో దాటేవారు. ఆంజనేయస్వామి ఆలయం, పుష్కర ఘాట్ల వల్ల ఇది యాత్రాస్థలం కూడా. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరాలలో బీచుపల్లి ముఖ్య ఘాట్లలో ఒకటి.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నేలను స్థానికులు నడిగడ్డ అంటారు. విజయనగర, బహమనీ, బిజాపూర్, గోల్కొండ రాజ్యాలు ఈ అంతర్వేది కోసం పోటీ పడ్డాయి. తరవాత నిజాం పాలనలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాలు స్థానిక అధికారం నడిపాయి. గద్వాల, ఆలంపూర్ తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలో ఉండేవి. దక్షిణాన మైసూరు, ఆగ్నేయాన మద్రాసు ప్రెసిడెన్సీ నాణేలు వాడుకలో ఉండేవి. అందువల్ల ఈ ప్రాంతపు రాగి నాణేన్ని పరిశీలించేటప్పుడు ఒకే రాజ్యాన్ని ఊహించి మొదలుపెట్టడం సరికాదు.

గద్వాల సంస్థానం సొంత నాణేలు వేయించింది. అవి రాయచూరు ప్రాంతంలో చాలాకాలం చెల్లాయి. వనపర్తి సంస్థానానికి పాత రాజధాని సూగూరు. సూగూరు పేరుతో రూపాయలు వెలువడ్డాయి. నారాయణపేట టంకశాల దిల్‌షాదాబాద్ అన్న పేరు వాడింది. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో నాణేల ముద్రణ రాజధాని హైదరాబాదులో కేంద్రీకృతమైంది. (చూ. హాలీ సిక్కా, టంకశాల.)

4. అచ్చుభేదాలు పుట్టే తీరు

చేత్తో చెక్కిన అచ్చుకు ఆయువు తక్కువ. వేలకొద్దీ దెబ్బలకు అది అరుగుతుంది, పగులుతుంది, చివరికి విరుగుతుంది. సాధారణంగా సుత్తి దెబ్బ నేరుగా తగిలే పై అచ్చు ముందుగా పాడవుతుంది. దాని స్థానంలో కొత్తది వస్తుంది, కింది అచ్చు కొనసాగుతుంది. అందువల్ల ఒక కింది అచ్చుకు రెండు మూడు పై అచ్చులు జతపడడం మామూలు.

తేడాలు మూడు దశలలో వస్తాయి.

మొదటిది చెక్కేటప్పుడు. అక్షరాలను, చుక్కలను, పువ్వులను చెక్కేవాడు చేతి అంచనాతో అమరుస్తాడు. రాతను తిరగేసి చెక్కాలి కాబట్టి కొన్ని అచ్చులపై అక్షరం తలకిందులు కావడం, చుక్క తప్పిపోవడం జరుగుతుంది.

రెండోది వాడేటప్పుడు. అచ్చు మీద పగులు పడితే అందులోకి లోహం చొచ్చుకొని నాణెం మీద ఉబ్బెత్తు గీతగా వస్తుంది. మధ్యలో బిళ్ళ లేకుండా రెండు అచ్చులూ ఢీకొంటే ఒకదాని రూపురేఖలు మరోదానిపై పడతాయి. ఆ తరవాత కొట్టిన నాణేలలో బొమ్మ వెనక బొరుసు నీడలా కనిపిస్తుంది.

మూడోది కొట్టేటప్పుడు. ముద్ర పక్కకు జరగడం, రెండుసార్లు పడడం, పాత నాణెం మీద కొత్త ముద్ర పడడం ఈ కోవలోవి. ఇవి ఆ ఒక్క నాణెం విశేషాలే గాని అచ్చుభేదాలు కావు.

5. అరుగుదల రకాలు

నాణెం రూపం చెడే తీరును బట్టి ఏ జాడలు మిగులుతాయో ముందే అంచనా వేయవచ్చు.

చెలామణి అరుగు: చేతులు, సంచులు, మూటలలో ఒరుసుకొని ఎత్తైన భాగాలు ముందు పోతాయి. బొమ్మ నడిమి భాగం, అక్షరాల పైతలం చదునవుతాయి. అక్షరాల మొదళ్ళు, వాటి మధ్య సందులు నిలుస్తాయి.

నీటి ఒరిపిడి: నది ఇసుకలో కదిలిన నాణెం అన్ని వైపులా సమానంగా అరుగుతుంది. అంచులు గుండ్రబడతాయి, పల్లపు భాగాలు కూడా నునుపెక్కుతాయి. వంతెన దాటేటప్పుడు నదిలో నాణెం వేసి మొక్కుకోవడం కృష్ణా, గోదావరి తీరాలలో వాడుక. అలా వేసిన నాణేలను తాడుకు కట్టిన అయస్కాంతంతో వెతికితే ఇటీవలి ఉక్కు నాణేలే అంటుకుంటాయి. రాగికి అయస్కాంతం పట్టదు కనుక రాగి నాణేలు ఇసుకలోనే ఉండిపోతాయి.

చిలుము: తేమ, ఉప్పు, గాలి వల్ల రాగి మీద ఏర్పడే ఆకుపచ్చ లేదా గోధుమరంగు పొర. గట్టిగా, పలచగా ఉన్న పొర ముద్రను కాపాడుతుంది. పొడిలా రాలే లేత ఆకుపచ్చ పొర లోహాన్ని తింటూ గుంటలు చేస్తుంది.

రుద్దడం వల్ల నష్టం: చింతపండు, ముగ్గు, ఇసుకతో తోమిన రాగి నాణెం తళతళలాడుతుంది, కాని సన్నని గీతలన్నీ పోతాయి. పొర రంగులోని తేడాల వల్ల కనిపించే అక్షరాల నీడలు కూడా మాయమవుతాయి. అచ్చు నిర్ధారణకు ఉద్దేశించిన నాణేన్ని తోమకూడదన్నది ఈ రంగంలో మొదటి నియమం.

6. నిర్ధారణ క్రమం

కొలతలు: బరువును గ్రాములో నూరో వంతు వరకు తూచి, వ్యాసాన్ని రెండు మూడు చోట్ల కొలుస్తారు. అచ్చు కోణం నమోదు చేస్తారు. స్వచ్ఛమైన రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు. గాలిలోనూ నీటిలోనూ తూచి సాంద్రత లెక్కిస్తే సీసం కలిసిందో లేదో అంచనా దొరుకుతుంది. అరిగిన నాణెం బరువు తగ్గుతుంది కాబట్టి ఇప్పటి బరువు అసలు తూకానికి కనిష్ఠ హద్దు చెబుతుందే తప్ప ఖచ్చితమైన విలువను తేల్చదు.

వెలుతురు: నాణేన్ని చదునుగా పెట్టి ఒక పక్క నుంచి, దాదాపు అడ్డంగా దీపం వేస్తారు. నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూస్తే ఒక్కో కోణంలో ఒక్కో అక్షరపు నీడ లేస్తుంది. అయిదు నుంచి పది రెట్ల భూతద్దం చాలు. అంతకంటే ఎక్కువ పెంచితే లోహపు గరుకుతనం అడ్డొస్తుంది. కెమెరాను కదల్చకుండా వేర్వేరు దిక్కుల నుంచి వెలుతురు మార్చి తీసిన ఫొటోలను కలిపి కంప్యూటరులో వెలుగు దిక్కు మార్చుకుంటూ చూసే పద్ధతి కూడా ఉంది. దీనికి పునాది 2001లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం రూపొందించిన విధానం.

ఉబ్బు, పల్లం: నాణెం మీద ఉబ్బెత్తుగా ఉన్న గీత అచ్చు నుంచి వచ్చింది. పల్లంగా ఉన్న గీత తరవాత తగిలిన గాయం. నిర్ధారణకు మొదటిదే పనికొస్తుంది.

స్థిర బిందువులు: మిగిలిన జాడలలో రెండు మూడు స్పష్టమైన బిందువులను ఎంచుకుంటారు. ఒక అక్షరం మొదలు, ఒక చుక్క, ఒక పువ్వు రేకు వంటివి. వాటి మధ్య దూరాలను, కోణాలను తెలిసిన అచ్చుల ఫొటోలతో పోలుస్తారు. అరుగు వల్ల అక్షరం ఆకారం మారినా దాని స్థానం మారదు. అందువల్ల అరిగిన నాణేనికి ఆకారం కంటే స్థానమే నమ్మదగిన సాక్ష్యం.

తొలగింపు: తెలిసిన భేదాల పట్టికలో నుంచి కుదరని వాటిని ఒక్కొక్కటిగా కొట్టివేస్తారు. ఒక వైపు పూర్తిగా చెరిగినా, రెండో వైపు అచ్చు ఒక్క జతలోనే కనబడితే భేదం తేలిపోతుంది. అది మూడు జతలలో కనబడితే ఆ మూడింటినీ అభ్యర్థులుగా ఉంచుతారు.

నమోదు: బొమ్మ అచ్చులకు 1, 2, 3 అనీ, బొరుసు అచ్చులకు అ, ఆ, ఇ అనీ పేర్లు పెట్టి జతను 2-ఆ వంటి గుర్తుతో రాయవచ్చు. నిర్ధారణను ఖాయం, సంభావ్యం, అనిశ్చితం అని మూడు మెట్లుగా పేర్కొనడం మంచి పద్ధతి.

7. కుటుంబాల వారీ లక్షణాలు

విజయనగర రాగి: చిన్న, మందమైన నాణేలు. ఏనుగు, నంది, గరుడుడు వంటి బొమ్మలు, నాగరి లేదా కన్నడ రాత ఉంటాయి. పార్శీ రాత లేకపోవడం వీటిని తరవాతి నాణేల నుంచి తొలిచూపులోనే వేరు చేస్తుంది. బొమ్మ తిరిగిన దిక్కు, దాని ముందు ఉన్న కత్తి, చంద్రవంక వంటి గుర్తులు పోలికకు ఉపయోగపడతాయి.

గోల్కొండ రాగి: అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో హిజ్రీ 1068, అంటే 1657-58 తేదీతో వెలువడిన నాణేలు ప్రసిద్ధం. మేలుతో, శుభంతో ముగిసింది అనే అర్థమున్న అరబీ వాక్యం వీటిపై ఉంటుంది. ఆ తేదీ తరవాతి సంవత్సరాలలోనూ మారకుండా కొనసాగింది. కనుక తేదీ చదవగలిగినా ముద్రించిన సంవత్సరం తేలదు. ఆ పనికి అచ్చుల వరసే దారి.

టిప్పు సుల్తాన్ రాగి: ఒక వైపు ఏనుగు, మరో వైపు టంకశాల పేరు ఉంటాయి. నేటి అనంతపురం జిల్లాలోని గుత్తి టంకశాలకు ఫైజ్ హిసార్ అని పేరు. ఏనుగు కుడికి తిరిగిందా, ఎడమకా, తోక ఎత్తిందా, దించిందా, పైన జెండా ఉందా అన్నవి భేదాల గుర్తులు. ఎంత అరిగినా ఏనుగు బాహ్యరేఖ మిగులుతుంది కాబట్టి ఈ కుటుంబంలో నిర్ధారణ సులువు. 1787 నుంచి టిప్పు వాడిన మౌలూదీ శకపు తేదీలలో అంకెలను కుడి నుంచి ఎడమకు రాశారు. ఇది తెలియకపోతే తేదీ తారుమారవుతుంది. తరవాతి నాణేల మీద విలువలకు ఉస్మానీ, జొహ్రా, బహ్రామ్, అఖ్తర్, కుత్బ్ అనే పేర్లున్నాయి.

నిజాం రాగి దుడ్లు: వీటిని ఇంగ్లీషు దస్తావేజులు డబ్ అన్నాయి. తెలుగు డబ్బు అన్న మాటే దానికి మూలం. ఇవి చేత్తో కొట్టినవి. బిళ్ళ అచ్చు కంటే చిన్నది కావడంతో ఒక్కో నాణెం మీద రాతలో ఒక ముక్కే పడింది. అదే అచ్చుతో కొట్టిన పలు నాణేల ఫొటోలను ఒకదానిపై ఒకటి అమర్చితేనే పూర్తి అచ్చు రూపం వెలుస్తుంది. నాసిరుద్దౌలాకు నూన్, అఫ్జలుద్దౌలాకు అలిఫ్, మహబూబ్ అలీఖాన్‌కు మీమ్ అక్షరం పాలకుడి గుర్తుగా ఉన్నాయి. 1857 తిరుగుబాటు దాకా మొఘల్ చక్రవర్తి పేరుండేది. తరవాత నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా అన్న బిరుదు వచ్చింది. హిజ్రీ తేదీలో సున్నా ఒక చుక్క మాత్రమే. అది అరిగితే సంఖ్యలో ఒక స్థానం తగ్గినట్టు కనిపిస్తుంది. రెండుకూ మూడుకూ తేడా ఒక్క పన్ను మాత్రమే కాబట్టి ఆ అంకెలను కూడా జాగ్రత్తగా చదవాలి.

నిజాం యంత్ర నాణేలు: 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో తుగ్రా (అలంకారంగా అల్లిన పేరు-బిరుదుల రాత) ముద్రతో యంత్రం మీద రాగి పైలు వచ్చాయి. అన్నీ ఒకే కొలతలో ఉండడం వల్ల వీటిలో భేదాలు సూక్ష్మం. అదే కాలపు వెండి రూపాయిలో చార్మినార్ గుమ్మంలో పాలకుడి అక్షరం ఉంటుంది. ఉస్మాన్ అలీఖాన్ రూపాయిలో ఐన్ అక్షరం సగంగా ఉన్న రకం, నిండుగా ఉన్న రకం అని రెండు ప్రధాన భేదాలు గుర్తించారు.

కంపెనీ రాగి: ఉత్తర సర్కారుల కోసం 1794, 1797 తేదీలతో, 48 నాణేలు ఒక రూపాయి అన్న లెక్కలో ఇంగ్లండులో నాణేలు ముద్రించారు. మద్రాసు ప్రెసిడెన్సీకి 1803, 1808 తేదీలతో పది, ఇరవై కాసుల నాణేలు బర్మింగ్‌హామ్‌లోని మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలపై తయారయ్యాయి. ఒక వైపు కంపెనీ కులచిహ్నం, మరో వైపు పార్శీలో విలువ ఉంటాయి. ఇరవై కాసులు నాలుగు ఫలూసులు అన్నది ఆ రాత అర్థం. 1808 నాణేలను తెస్తున్న అడ్మిరల్ గార్డ్నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోని గుడ్విన్ ఇసుకతిప్పల దగ్గర మునిగింది. ఆ ఓడ నుంచి వెలికితీసిన నాణేలు చెలామణిలో అరగనివి. అందువల్ల దక్షిణాదిలో అరిగిన నాణేలను పోల్చడానికి అవి మంచి కొలబద్ద. మద్రాసు టంకశాల 1807-08 ప్రాంతంలో వేసిన కొన్ని రాగి నాణేలపై పార్శీతో పాటు తెలుగు, తమిళ అక్షరాలున్నాయి.

8. పోలిక: అమెరికా తొలి సెంట్లు

అమెరికా టంకశాల 1793 నుంచి 1857 వరకు పెద్ద రాగి సెంట్లు వేసింది. తొలి ఏళ్ళలో తల బొమ్మను ఒక పంచ్‌తో (ఉబ్బెత్తు ముద్ర ఉన్న పనిముట్టు), అక్షరాలను, అంకెలను, ఆకులను విడివిడి పంచ్‌లతో అచ్చులో దించేవారు. అందువల్ల ప్రతి అచ్చుకూ తనదైన అమరిక ఏర్పడింది. 1794 ఒక్క సంవత్సరానికే యాభైకి పైగా భేదాలు గుర్తించారు. వాటిలో ఒకదాని బొరుసు అంచున 94 చిన్న నక్షత్రాలున్నాయి. షెల్డన్ పట్టిక 1793 నుంచి 1814 వరకు ఉన్న సెంట్లకు 1 నుంచి 295 వరకు సంఖ్యలిచ్చింది. ఆయన స్థితిని కొలవడానికి 1 నుంచి 70 వరకు మెట్లు కూడా పెట్టాడు. ఇందులో 1 అంటే గుర్తించగల కనీస స్థితి.

అరిగిన సెంటులో తేదీ పోయినా బొరుసు వైపు దండలోని ఆకు మొన ఏ అక్షరం కింద ఆగింది, విలువ తెలిపే భిన్నంలోని గీత ఏ అంకెకు దగ్గరగా ఉంది అన్న రెండు విషయాలతోనే భేదం తేలే సందర్భాలు ఎక్కువ. 1795 చివరలో సెంటు బరువు 13.48 గ్రాముల నుంచి 10.89 గ్రాములకు తగ్గింది. అంతకుముందు నాణేల అంచు మీద డాలరుకు నూరు అనే రాత ఉండేది. కాబట్టి అంచు, బరువు తేదీని సగం చెప్పేస్తాయి.

మద్రాసు కాసులను ముద్రించిన బౌల్టన్ సంస్థే అమెరికా టంకశాలకు రాగి బిళ్ళలను సరఫరా చేసింది. అయితే సోహోలో కాసుల అచ్చులను మూలపు పంచ్ నుంచి తీయడంతో అవి దాదాపు ఒకేలా ఉన్నాయి. అమెరికా అచ్చులలో చేతిపని ఎక్కువ. నిజాం దుడ్డు ఈ వరసలో మరో కొస, అది పూర్తిగా చేతిపని. ఈ మూడింటికీ నిర్ధారణ సూత్రం ఒకటే అయినా తేడాల పరిమాణం వేరు.

9. అచ్చుల లెక్క

దొరికిన నాణేల నుంచి మొత్తం ముద్రణలో ఎన్ని అచ్చులు వాడారో అంచనా వేయవచ్చు. ఒక్కసారే కనిపించిన అచ్చుల సంఖ్యను మొత్తం నాణేల సంఖ్యతో భాగించి ఒకటి నుంచి తీసివేస్తే, మనకు తెలిసిన అచ్చులతో ముద్రించిన వాటా వస్తుంది. ఉదాహరణకు 60 నాణేలలో 12 అచ్చులు ఒక్కోసారే కనిపిస్తే, తెలిసిన అచ్చుల వాటా 80 శాతం. మిగిలిన 20 శాతం ఇంకా కనిపించని అచ్చులది. అరిగిన నాణెంలో ఒక అచ్చును రెండుగా పొరబడితే మొత్తం అచ్చుల అంచనా పెరుగుతుంది, రెండు అచ్చులను ఒకటిగా చూస్తే తగ్గుతుంది. కనుక అనిశ్చిత నిర్ధారణలను లెక్కలో కలపరు. ఒక అచ్చుతో ఎన్ని నాణేలు కొట్టారన్నది టంకశాలను బట్టి మారుతుంది. అచ్చుల సంఖ్య నుంచి నాణేల సంఖ్యను తేల్చడం వివాదాస్పదం.

10. నకిలీలు, కల్పిత నాణేలు

తెలుగు జిల్లాల సంతలలో, యాత్రాస్థలాలలో కంపెనీ పేరుతో ఆంజనేయుడు, రామపట్టాభిషేకం వంటి బొమ్మలున్న రాగి బిళ్ళలు కనిపిస్తాయి. 1616, 1717, 1818, 1839 వంటి తేదీలు, అణా, అర్ధణా అన్న విలువలు వీటిపై ఉంటాయి. ఈస్టిండియా కంపెనీ ఆంజనేయుడి బొమ్మతో నాణెం ముద్రించలేదు. ఇవి తరవాతి కాలపు కల్పిత బిళ్ళలు. బియ్యాన్ని ఆకర్షిస్తుందని నమ్మించి రాగి వస్తువులను భారీ ధరకు అమ్మే రైస్ పుల్లింగ్ మోసాలలో కూడా పాత నాణేల పేరు వాడతారు. రాగికి బియ్యాన్ని లాగే గుణం లేదు.

పోత పోసిన నకిలీని అంచు మీది అతుకు గీత, ఉపరితలంలోని చిన్న బుడగలు, మొద్దుబారిన అక్షరాలను బట్టి గుర్తిస్తారు. రెండు నాణేలపై గాయాలు కూడా ఒకేచోట ఉంటే అవి ఒకే నమూనా నుంచి పోత పోసినవి.

11. ప్రాముఖ్యం

తేదీ లేని, లేదా తేదీ మార్చని నాణేలకు కాలక్రమం కట్టడం అచ్చు నిర్ధారణ మొదటి ఉపయోగం. ఒకే అచ్చు నాణేలు ఏయే ఊళ్ళలో దొరికాయో గుర్తిస్తే చెలామణి దారులు తెలుస్తాయి. సంస్థానాల టంకశాలలను రాజధాని టంకశాల నుంచి వేరు చేయడానికి కూడా ఇది సాధనం. బంగారం, వెండి నిల్వల్లో దాగుతాయి, రాగి రోజూ చేతులు మారుతుంది. కాబట్టి సామాన్యుల బేరసారాల చరిత్రకు రాగి దగ్గరి సాక్ష్యం. అయితే రాగిని కంచర్లు కరిగించి పాత్రలు చేయడం వల్ల మిగిలినవి అసలు ముద్రణలో చిన్న భాగమే.

పరిమితులు కూడా ఉన్నాయి. రెండు వైపులా చెరిగిపోయిన నాణేన్ని ఏ పద్ధతీ నిర్ధారించలేదు. ఆమ్లం పూసి పాత ముద్రను తేల్చే పద్ధతి లోహాన్ని శాశ్వతంగా పాడు చేస్తుంది కాబట్టి సంగ్రహాలయాలు దాన్ని వాడవు.

12. చట్టం, సంరక్షణ

1878 నాటి భారత నిధి చట్టం నేలలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ గల నిధిని కలెక్టరుకు తెలియజేయాలని చెబుతుంది. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం కింద వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. నాణేలు గుంపుగా దొరికినప్పుడు వాటిని విడదీయకుండా, తోమకుండా, దొరికిన చోటును రాసి ఉంచాలి. ఒకే అచ్చు నాణేలు ఒకే గుంపులో ఉండడం కూడా సాక్ష్యమే.

రాగి నాణేలను పొడి కాగితపు కవర్లలో, తేమ లేని చోట ఉంచుతారు. మెత్తని ప్లాస్టిక్ సంచులలోని రసాయనాలు రాగిపై ఆకుపచ్చ జిగురు పుట్టిస్తాయి. పోల్చి చూడడానికి హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు సంగ్రహాలయంలో పెద్ద నాణేల సంపుటి ఉంది. 1903లో సైఫాబాదుకు మారిన నిజాం టంకశాల భవనంలో 2022లో నాణేల సంగ్రహాలయం తెరిచారు.